రేవతి వెళ్ళేదాకా

ఏడో నంబరు గదిలో సిద్ధాంతిగారు పోయి గంట దాటింది. కానీ పొద్దున పది గంటల నలభై నిమిషాల దాకా ఆయన బతికే ఉండాలని పార్వతీ నిలయం లాడ్జి యజమాని కాశీవిశ్వనాథం గారు నిర్ణయించారు.

వినడానికి విడ్డూరంగా ఉన్నా ఆ నిర్ణయం వెనక శాస్త్రం ఉంది. శాస్త్రం పేరెత్తితే సూర్యం నోరు మూతపడుతుంది. నిడదవోలు నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, ఉద్యోగం దొరక్క, యజమానిని బాబాయిగారని పిలిచే దూరపు చుట్టరికం పట్టుకుని నారాయణగూడలోని ఈ లాడ్జిలో మేనేజరుగా కుదిరి మూడేళ్ళయింది. మెట్ల కింద గదిలో పడక, మెస్సులో భోజనం, బాబాయిగారి శాస్త్రాలు. అతని హైదరాబాదు అంతే.

"ఇవాళ రేవతిరా సూర్యం," అన్నారు కాశీవిశ్వనాథం గారు పంచాంగం మీద వేలు పెట్టి. "ధనిష్ఠా పంచకంలో ఆఖరిది. ఈ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. తాళం వేసి, గుమ్మానికి ముళ్ళకంప కట్టి వెళ్ళిపోవాలి. పదీ నలభైకి అశ్విని వస్తుంది. అశ్వినిలో పోతే ఏ దోషమూ లేదు."

"గది ఒక్కటీ మూసేస్తే సరిపోదా బాబాయ్‌గారూ?"

"గదికి దారి వరండాలోంచి. వరండాకి మెట్ల మీంచి. మెట్లకి మెస్సులోంచి. ఏది మూస్తావు, ఏది తెరుస్తావు?"

ఆ ఏడాది బందులూ కర్ఫ్యూలతో ఊళ్ళోకి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. పన్నెండు గదులకి ముగ్గురు దిగి ఉంటే పండగ. ఇప్పుడు ఆరు నెలలు మూతపడితే మళ్ళీ తెరుచుకోదు. సూర్యం రైలెక్కాలి. వెనక రేకుల షెడ్డులో కాపరం ఉంటున్న మాసయ్యా, అతని భార్య బుగ్గమ్మా పాలమూరు నుంచి తెచ్చుకున్న మూటతోనే రోడ్డు మీద పడాలి.

మాసయ్యే ముందు చూసినవాడు. గోడకి చేరబడి అదే మాట నాలుగోసారి చెబుతున్నాడు.

"అయిదింటికి ఉడుకునీళ్ళు ఇచ్చిన సారూ. మంచిగ మాట్లాడిండు. ఏందో లెక్క కుదిరిందట, మస్తు ఖుషీగున్నడు. ఆరింటికి కాఫీ పట్కపోతే కుర్సీల గట్లనే కూసున్నడు. పిలిస్తె పలుకలే."

సూర్యం వెళ్ళి చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లబడిపోయింది. కిటికీ పక్కన పడక కుర్చీలో, ఒళ్ళో శాలువా కప్పుకుని, మంచి కబురేదో విని కాసేపు కళ్ళు మూసుకున్నవాడిలా ఉన్నాడు పెద్దాయన.

"డాక్టరుకి కబురు పదీ నలభై ఒకటికి పంపుదాం," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "అందాకా ఆ గదికి రోజూ వెళ్ళేవన్నీ వెళ్ళాలి. పేపరు వెళ్ళాలి, టిఫిను వెళ్ళాలి. ఖాళీ ప్లేటు వెనక్కి రావాలి."

"శవం ఉండగా మెస్సులో పొయ్యి వెలిగించచ్చా అండీ?"

"శవం ఎక్కడుందిరా? పదీ నలభై దాకా లేదు."

అన్నారు గానీ, తన కాఫీ మటుకు ముట్టుకోలేదు. గ్లాసులో కాఫీ అలాగే తొరక కట్టింది.

*

ఏడున్నరకి వాన మొదలైంది. ఆ వానలోంచి ఒక గొడుగు లాడ్జి గుమ్మంలోకి వచ్చి ఆగింది.

ఆ గొడుగు సూర్యానికి తెలుసు. నల్ల గొడుగు, ఒక పక్క ఎర్రదారంతో కుట్టిన మాసిక. పది రోజులుగా రోజూ పొద్దున అశోక్ నగర్ వైపు నుంచి వచ్చి, ఏడో నంబరు కిటికీ కింద ఒక్క క్షణం ఆగేది. పైనుంచి సిద్ధాంతిగారు చెయ్యి ఊపేవారు. గొడుగు కిందనుంచి గాజులున్న చెయ్యి ఒకటి ఊగేది. తర్వాత గొడుగు చిక్కడపల్లి లైబ్రరీ వైపు వెళ్ళిపోయేది. పై వరండాలో దుప్పట్లు ఆరేసే నెపంతో రోజూ ఆ వేళకి అక్కడే ఉన్నా, సూర్యానికి గొడుగూ ఆ చెయ్యీ తప్ప మనిషి కనిపించలేదు. ఆ గొడుగు కింద ఎవరుంటారా అని అతనికి పది రోజులుగా ఒకటే కుతూహలం.

గొడుగు ముడుచుకుంది. చామనచాయ, పెద్ద కళ్ళు, తడిసి నుదుటికి అంటుకున్న ముంగురులు. కుతూహలం తీరడానికి ఇంతకన్నా చెడ్డ రోజు దొరకదనుకున్నాడు సూర్యం.

"సిద్ధాంతిగారు ఉన్నారా?" అంది ఆ అమ్మాయి.

కౌంటరు వెనకనుంచి కాశీవిశ్వనాథం గారి చూపు సూర్యం వీపుకి గుచ్చుకుంది.

"ఉన్నారు," అన్నాడు సూర్యం.

"ఏం చేస్తున్నారు?"

"పేపరు చదువుకుంటున్నారు."

ఆమె సంచీలోంచి కళ్ళజోడు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని ఒక కాడకి దారం చుట్టి ఉంది.

"దూరానివి కనిపిస్తాయి గానీ, ఇది లేకుండా ఆయనకి అక్షరం ఒక్కటి కనిపించదు. నిన్న రీడింగు హాల్లో మర్చిపోయి వచ్చేశారు."

"హెడ్డింగులు చదువుతారమ్మా," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "పెద్ద అక్షరాలు కదా."

"నేను పైకి వెళ్ళి ఇచ్చేస్తాను."

"ఆడవాళ్ళు పైకి వెళ్ళకూడదు. లాడ్జి రూలు."

"ఎప్పటి నుంచి?"

"ఇవాళ్టి నుంచి," అన్నాడు సూర్యం. అబద్ధం అలవాటు లేని నోరు. అనేశాక, ఉన్న నిజమే చెప్పేశానని తెలిసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె అతని వంక తేరిపార చూసింది.

"అయితే ఆయన్నే ఒక్కసారి కిందికి రమ్మనండి."

"స్నానం చేస్తున్నారు."

"పేపరు చదువుతూనా?"

సూర్యం కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. ఆ అమ్మాయి కొంగు దులుపుకుని, గుమ్మం పక్కన బెంచీ మీద తీరిగ్గా కూర్చుంది.

"నాకివాళ మధ్యాహ్నం డ్యూటీ. స్నానం అయ్యేదాకా ఉంటాను. నన్ను పొద్దున్నే రమ్మన్నది ఆయనే. లెక్క కుదిరిందో లేదో చెప్తానన్నారు."

*

లెక్క అన్న మాట వినగానే సూర్యానికి మాసయ్య మాట గుర్తొచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఏం లెక్కండీ అది?"

ఆ అమ్మాయి పేరు బాలత్రిపురసుందరి. లైబ్రరీలో అసిస్టెంటు. బాల అంటారని తనే చెప్పింది. సిద్ధాంతిగారి సంగతి చెబుతూ ఉంటే ఆ పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"చంద్రుడి మీద మనుషులు దిగారని పేపర్లో చదివిన మూడో రోజున అమలాపురం నుంచి బయల్దేరి వచ్చేశారట. 'వాళ్ళ లెక్క తప్పితే చంద్రుడు ఒకచోట, వాళ్ళు ఒకచోట ఉండేవారు కదమ్మా. తప్పలేదంటే మరి నా పంచాంగంలో చంద్రుడు గంటల తరబడి ఎందుకు వెనకబడుతున్నాడు?' అన్నారు. యాభై ఏళ్ళు పంచాంగం కట్టిన మనిషి అలా అడిగితే నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. నేను ఆ పుస్తకాల మధ్యే కూర్చుని ఏనాడూ ఏమీ అడగలేదు."

"పది రోజులూ అదే లెక్కా?"

"అదే. ఆయన చెప్తుంటే నేను శుభ్రంగా రాసిపెట్టేదాన్ని. పుస్తకం నా దగ్గరే ఉంది." సంచీ తట్టి చూపించింది. "కింద నుంచి రోజూ చెయ్యి ఊపేదాన్ని. ఇవాళ ఊపితే ఆయన ఊపలేదు. కిటికీ దగ్గరే ఉన్నారు మరి."

కాశీవిశ్వనాథం గారు పెద్దగా దగ్గారు.

"ఒరే సూర్యం, ఎనిమిదయింది. ఏడో నంబరుకి టిఫిను."

మాసయ్య ప్లేటు ముట్టుకోలేదు. "నాతోటి కాదు సారూ," అని గుసగుసగా అన్నాడు. "పీనుగ ముంగట బువ్వ తినుడేంది. పాపం తాకుతది."

చివరికి మూడు ఇడ్లీలూ చట్నీ పట్టుకుని సూర్యమే ఎక్కాడు. గదిలోకి వెళ్ళలేకపోయాడు. తలుపు బయట వరండాలో నిలబడి, కళ్ళు మూసుకుని, మనసులోనే పెద్దాయనకి దణ్ణం పెట్టుకుని తిన్నాడు. రెండు దిగాయి. మూడోది గొంతులో కూర్చుంది. దాన్ని మంచినీళ్ళతో తోసి ఖాళీ ప్లేటుతో దిగివచ్చాడు.

బాల ప్లేటు వంక చూసింది. తర్వాత అతని మొహం వంక చూసింది.

"ఆయన చట్నీ ముట్టరే. నెయ్యీ పంచదారా కావాలంటారు."

"ఇవాళ తిన్నారు."

"మీ మీసానికి కూడా పెట్టారా?"

సూర్యం చేత్తో మీసం తుడుచుకున్నాడు. కొబ్బరి చట్నీ. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె నవ్వలేదు గానీ, నవ్వాపుకుంటున్నదని అతనికి తెలిసిపోయింది. ఇంకే రోజయినా ఆ నవ్వు కోసం ఒళ్ళంతా చట్నీ పూసుకునేవాడు.

*

ఎనిమిదిన్నరకి అసలు ప్రమాదం అయిదో నంబరు గదిలోంచి బయటికి వచ్చింది. దాని పేరు కిషన్ రావు. మహబూబ్‌నగర్ కాంట్రాక్టరు. వేళ మంచీ చెడూ అడగందే చెప్పులు కూడా తొడుక్కోడు. పెట్టె పట్టుకుని తిన్నగా ఏడో నంబరు తలుపు ముందు నిలబడ్డాడు.

"పంతులుగారూ, నేను ఊరికి పోతున్న. ఎనిమిది ముప్పావు బస్సు. పోవచ్చునా, ఆగాల్నా?"

సూర్యం రెండేసి మెట్లు ఎక్కి, కిషన్ రావు వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా దాటి, వరండా మలుపులో ఉన్న రెండో తలుపులోంచి గదిలోకి దూరాడు. పెద్దాయన వంక చూడకుండా తలుపు దగ్గర నిలబడి, గొంతు బొంగురు చేసి దగ్గాడు.

"ఆగు నాయనా. పదకొండు దాటనీ."

"తలుపు తియ్యరాదుండ్రి. దణ్ణం పెట్టుకుంట."

"అక్కణ్ణుంచే పెట్టు. జలుబు చేసింది. నీకూ అంటుకుంటుంది."

కిషన్ రావు తలుపుకే వంగి దణ్ణం పెట్టి, పెట్టెతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు. సూర్యం నిట్టూర్చి వెనక్కి తిరిగాడు. కుర్చీలో సిద్ధాంతిగారి మొహం అలాగే ప్రశాంతంగా ఉంది. తెల్లటి జుట్టు మీద కిటికీ జల్లు పడి చిన్న చిన్న చుక్కలు నిలిచాయి. సూర్యం తువ్వాలు తీసి ఆ తడి ఒత్తాడు. కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. వేసి అక్కడే నిలబడిపోయాడు. ఇంతసేపూ ఇది ఒక ఇబ్బంది, ఒక రహస్యం, ఒక గడియారం. ఇప్పుడు ఒక మనిషి. పది రోజులు తనని 'నాయనా' అని పిలిచిన మనిషి.

బయటికి వస్తే మెట్ల మలుపులో బాల నిలబడి ఉంది. రూలు ఆమెని ఆపలేదు.

"సిద్ధాంతిగారికి దగ్గు ఎప్పుడొచ్చింది?" అంది. నవ్వు ఎక్కడా లేదు. "కిషన్ రావుగారు లైబ్రరీకి వచ్చి అడిగినప్పుడల్లా ఆయన 'మీరు' అనే మాట్లాడతారు. ఏమండీ, ఒక్కటే అడుగుతాను. ఆయన ఉన్నారా?"

కింద కాశీవిశ్వనాథం గారు తల ఎత్తి చూస్తున్నారు. గోడ గడియారంలో ఎనిమిదీ యాభై. ఇంకా గంటా యాభై నిమిషాలు. ఆ మాత్రం సేపు ఇంకో అబద్ధం చాలు. రెక్కాడినన్నాళ్ళూ మెట్ల కింద గది, మెస్సులో భోజనం నిలుస్తాయి.

"లేరండీ," అన్నాడు సూర్యం. "పొద్దున్నే పోయారు. అయిదుకీ ఆరుకీ మధ్య."

ఆమె మెట్టు మీద కూలబడింది. చప్పుడు లేకుండా కన్నీళ్ళు కారాయి. కాసేపటికి కొంగుతో తుడుచుకుని, ఎర్రటి కళ్ళతో అతన్ని చూసింది.

"ఆయన పోయారని తెలిసి, ఆయన ఇడ్లీలు తిన్నారా?"

"తిన్నాను."

"నేను చెయ్యి ఊపి వచ్చానని చెప్తే విన్నారు. ఒక్క మాట అనాలనిపించలేదా?"

అతను దాచకుండా అంతా చెప్పాడు. రేవతి, ఆరు నెలలు, ముళ్ళకంప, మాసయ్య, బుగ్గమ్మ, తను. చెబుతూంటే తనకే ఆ మాటలు తేలికగా వినిపించాయి. పైన ఒక పెద్దమనిషి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నోట్లో తులసి తీర్థం పోసినవాళ్ళు లేరు, తల దగ్గర దీపం లేదు.

"ఉండండి," అని సూర్యం లేచి కిందికి వెళ్ళాడు.

*

"బాబాయ్‌గారూ, డాక్టరుకి కబురు పంపుతున్నాను. రిజిస్టరులో రాసిన ఆయన మేనల్లుడి అడ్రసుకి టెలిగ్రాం కూడా ఇస్తాను. బుగ్గమ్మని దీపం పెట్టమంటున్నాను."

"టైమెంతయిందిరా?"

"తొమ్మిది."

"ఇంకా రేవతే కదరా."

"రేవతే. అయినా ఆయన్ని ఇంకో గంటన్నర అలా కూర్చోబెట్టడం నావల్ల కాదు. నేను ఆయన గొంతుతో మాట్లాడాను, ఆయన టిఫిను తిన్నాను. ఇంకేం మిగిల్చాను? లాడ్జి మూస్తే మూయండి. మీ కోపం నా ఉద్యోగం మీద చూపించండి, మాసయ్య వాళ్ళ మీద వద్దు."

మూడేళ్ళలో సూర్యం కాశీవిశ్వనాథం గారికి ఎదురు చెప్పడం ఇదే మొదలు. పాపం ఆయనా రాక్షసుడు కాడు. భార్య పేరు మీద కట్టించిన లాడ్జి, భార్య పోయాక మిగిలిన ఒకే ఒక్క తోడు. దానికి ముళ్ళకంప కట్టడం ఆయనకి ఇంకోసారి భార్యని పోగొట్టుకోవడమే.

"ఆరు నెలలురా," అన్నారు. గొంతులో కోపం లేదు.

బాల మెట్లు దిగి వచ్చింది. సంచీలోంచి అట్టపుస్తకం తీసి కౌంటరు మీద పెట్టింది. ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పుతోంది.

"అయిదింటికి ఆయన మాట్లాడారన్నది ఎవరు?"

"నేనేనమ్మ," అన్నాడు మాసయ్య. "ఉడుకునీళ్ళు అందుకున్నడు. 'మాసయ్యా, మబ్బు ఇడిసింది, చంద్రుణ్ణి చూసిన, నా లెక్క కుదిరింది' అన్నడు. నాకేం సమజ్ కాలే. మంచిదే సారూ అన్న."

బాల వేలు ఒక పేజీ మీద ఆగింది.

"ఇది చూడండి," అంది కాశీవిశ్వనాథం గారితో. "నిన్న సాయంత్రం ఆయన చెప్తే నేను రాసింది. ఆయన కొత్త లెక్క ప్రకారం రేవతి ఇవాళ తెల్లవారుజామున నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకి వెళ్ళిపోయింది. అదే సరిచూసుకోవడానికి లేచారు. అయిదింటికి మాసయ్యతో మాట్లాడారు. అంటే ఆయన పోయింది..."

"అశ్వినిలో," అన్నాడు సూర్యం.

కాశీవిశ్వనాథం గారు కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ కిందనుంచి పైకి చదివారు. తన పంచాంగం పక్కన పెట్టి చూసుకున్నారు.

"ఇది మా తాతగారి నాటి నుంచి వస్తున్న పంచాంగమమ్మా," అన్నారు నెమ్మదిగా. "దీన్ని కాదని దేన్ని నమ్మను?"

"నన్ను నమ్మద్దండి. ఈ పంచాంగం పది రోజులుగా నేనూ చూస్తున్నాను. అట్ట మీద కట్టినవారి పేరు ఉంటుంది. అది చూడండి."

ఆయన పంచాంగం మూసి అట్ట చూశారు. 'అమలాపురం వాస్తవ్యులు, బ్రహ్మశ్రీ శ్రీరామమూర్తి సిద్ధాంతి' అని ఉంది. పది రోజులుగా లాడ్జి రిజిస్టరులో ఉన్న పేరే. నిత్యం కళ్ళకద్దుకునే పుస్తకం కట్టినాయన తన మెస్సులోనే ఇడ్లీలు తింటున్నాడని ఆయనకి తట్టనే లేదు.

"తప్పు తనదేనని తెలుసుకుని, దిద్దుకోవడానికి వచ్చారు," అంది బాల. "దిద్దుకునే పోయారు."

కాశీవిశ్వనాథం గారు పై పంచె నడుముకి బిగించి కట్టుకుని, మెట్లెక్కి ఏడో నంబరు గదిలోకి వెళ్ళి, కుర్చీ ముందు నేల మీద కూర్చున్నారు. "క్షమించండి మహానుభావా," అని ఆయన అనడం వరండాలోకి వినిపించింది. బుగ్గమ్మ దీపం తెచ్చింది. మాసయ్య డాక్టరు కోసం పరుగెత్తాడు.

మెస్సులో పొయ్యి ఆర్పేశారు.

పదకొండు దాటాక కిషన్ రావు పెట్టె పట్టుకుని బయటికి వచ్చి, వరండాలో దీపం పక్కన పడుకోబెట్టిన పంతులుగారిని చూసి, అక్కడే చతికిలపడ్డాడు. "ఎనిమిదిన్నరకి నాతోటి మాట్లాడిండు గద," అన్నాడు. మర్నాడు తెలిసింది, ఆయన ఎక్కవలసిన బస్సు షాద్‌నగర్ ఇవతల వాగులో చిక్కుకుని రాత్రి దాకా కదల్లేదని. పోయాక కూడా దారి చెప్పిన పంతులుగారి కథ వారం తిరక్కుండా మహబూబ్‌నగరంతా పాకింది. అక్కణ్ణుంచి వచ్చేవాళ్ళు ఏడో నంబరు గదే కావాలని పట్టుబట్టేవారు. పార్వతీ నిలయం ఆ ఏడాది గట్టెక్కింది ఆ గది వల్లే. నిజం చెప్పేద్దామని సూర్యం రెండుసార్లు బయల్దేరాడు గానీ, కిషన్ రావు నమ్మలేదు.

*

మేనల్లుడు వచ్చి చెయ్యవలసినవన్నీ చేసి వెళ్ళాడు. పుస్తకమూ కళ్ళజోడూ బాలకే ఇచ్చేశాడు.

పదమూడో రోజు దాటాక సూర్యం లైబ్రరీకి వెళ్ళాడు. క్షమాపణ చెప్పడానికని వెళ్ళి, అది మానేసి, "నాకు ఆ లెక్క నేర్పుతారా?" అన్నాడు.

"ఎందుకు?"

"తెలుసుకోవాలని ఉంది. ఆ పెద్దాయన ఎందుకంత సంతోషంగా పోయారో."

ఆమె అతని మొహంలో అబద్ధం వెతికింది. దొరకలేదు. ఎదురు కుర్చీ చూపించింది.

శ్రావణం వెళ్ళింది, భాద్రపదం వెళ్ళింది. రోజూ సాయంత్రం మెస్సు తెరిచేలోపు ఒక గంట. సూర్యం కూడికలు తప్పేవాడు. బాల ఎర్ర సిరాతో దిద్దేది. వానలు తగ్గినా ఆమె గొడుగు తెచ్చుకుంటూనే ఉంది. గొడుగు పట్టుకోవడానికి ఇంకొకరు దొరికారు కాబట్టి తెచ్చుకుంటోందని లైబ్రరీలో అందరికీ తెలుసు, వాళ్ళిద్దరికీ తప్ప.

కార్తీకంలో ఒకనాడు సూర్యం కాగితం ముందుకి తోశాడు.

"మాఘ శుద్ధంలో రేవతి ఎప్పుడొస్తుందో కట్టాను. సరిచూడండి."

ఆమె చూసింది. ఎర్ర సిరా వాడే అవసరం రాలేదు.

"రేవతెందుకు? మీకు భయం కదా."

"చావుకి పనికిరాదు గానీ పెళ్ళికి మంచిదట. బాబాయ్‌గారు చెప్పారు."

బాల కాగితం మీదనుంచి తల ఎత్తలేదు. చెవి జూకా మాత్రం ఊగుతోంది.

"నాదొక్కటే షరతు," అంది చివరికి. "నేనేదన్నా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఇప్పుడేమన్నా అడగండి."

"ఆ పది రోజులూ పై వరండాలో దుప్పట్లు ఆరేసింది ఎవరు? వానలో?"

"నేనే."

"ఎందుకు?"

"గొడుగు కింద ఎవరుంటారో చూడాలని."

అప్పుడు నవ్వింది. చట్నీ రోజున దాచుకున్న నవ్వు.

బాల తండ్రి విశ్వేశ్వరరావుగారు రాజధానితో పాటు కర్నూలు నుంచి వచ్చిన సెక్రటేరియట్ ఉద్యోగి. ఏ కాగితమైనా రెండుసార్లు చదవందే సంతకం పెట్టరు. కుర్రాడి గుణగణాలు విచారించడానికి లాడ్జికి స్వయంగా వచ్చారు.

"మీ అబ్బాయి ఎలాంటివాడండీ?"

కాశీవిశ్వనాథం గారు కాసేపు ఆలోచించారు.

"అబద్ధం ఆడడం చేతకాదండీ. నేను ఆడించి చూశాను. మీసానికి అంటుకుంటుంది."

విశ్వేశ్వరరావుగారికి అర్థం కాలేదు. లోపలినుంచి బుగ్గమ్మ నవ్వు వినిపించింది. ఎందుకో ఆ నవ్వు విని ఆయన మనసు కుదుటపడింది. సంబంధం ఖాయమైంది.

ముహూర్తం దగ్గర మాత్రం తగువు వచ్చింది. తాతగారి నాటి పంచాంగం ప్రకారమా, అట్టపుస్తకం ప్రకారమా? రెండు రోజులు కాగితాలు నలిపి చివరికి బాలే తేల్చింది. రెండు లెక్కల్లోనూ రేవతి ఉన్న వేళ ఒకటి దొరికింది, పొద్దున ఏడున్నర. పార్వతీ నిలయం మెస్సులోనే పెళ్ళి.

తాళి కట్టడం అయ్యాక టిఫిన్లకి విస్తళ్ళు వేశారు. వరస చివర కిటికీ పక్కన ఎవరూ కూర్చోని విస్తరి ఒకటి ఉంది. మాసయ్య దాంట్లో మూడు ఇడ్లీలు పెట్టాడు. చట్నీ వెయ్యలేదు. నెయ్యీ పంచదారా వేశాడు. బాల సంచీలోంచి, కాడకి దారం చుట్టిన కళ్ళజోడు తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు. ఎవరూ అతనికి చెప్పలేదు.

కొంగుముడితో కూర్చున్న బాల ఆ వైపు చూసింది. కళ్ళు తడి అయ్యాయి. పక్కకి ఒరిగి, అతనికి మాత్రమే వినపడేలా అడిగింది.

"సిద్ధాంతిగారు ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాడు సూర్యం.

ఆమె అతని మీసం వంక చూసింది. శుభ్రంగా ఉంది.